సంక్రాంతి ఫొటోలకు ఒక ఆల్బమ్ పుట

భోగిపళ్లు పోసేటప్పుడు తీసిన ఫొటోలను అట్టపై నేరుగా అతికించకండి. మైదా జిగురును పురుగులు తింటాయి, పైగా అతికిన ఫొటోను తర్వాత చింపకుండా తీయలేము. అందుకు బదులుగా, పండుగ తర్వాత చిరిగి మిగిలిన గాలిపటం కాగితాన్ని పలుచని తెల్లకాగితంపై గ్లూస్టిక్‌తో అంటించి (తడి జిగురు తగిలితే దాని రంగు దిగుతుంది), 4 సెంటీమీటర్ల పొడవు, 2 సెంటీమీటర్ల వెడల్పుతో ముక్కలు కత్తిరించండి. పొడవైన అంచు పైకి ఉండేలా పెట్టి, ఆ పై అంచు మధ్య నుంచి రెండు మూలలనూ వెనక్కి, కింది అంచు మధ్యకు మడిస్తే త్రికోణపు జేబు వస్తుంది. ఫొటో నాలుగు మూలలకూ వీటిని తొడిగి, జేబుల వెనుక మాత్రమే జిగురు రాసి అట్టపై నొక్కాలి.

అట్ట ముదురు గోధుమ రంగుదైతే పేడ అలికిన వాకిలిలా ఉంటుంది. దానిపై తెల్ల జెల్ పెన్నుతో 7 చుక్కలు, సందు చుక్క (ముందు వరుసలోని రెండేసి చుక్కల సందున ఒకటి) 4 వరకు పెట్టి, ముందు పెన్సిల్‌తో గీసుకున్నాకే ముగ్గు కలపండి. బంతిపూల రెక్కలను పాత వార్తాపత్రికల మధ్య రెండు వారాలు ఆరనిచ్చి చివరగా చేర్చండి, తేమ మిగిలితే బూజు పడుతుంది. ఫొటో కింద సంవత్సరమూ పేర్లూ అమ్మమ్మ చేతనే రాయించండి, అక్షరాలు వంకరగా ఉన్నా సరే.