డిసెంబరు పరుగు: లెక్క కోసం రోడ్డెక్కే ముందు

2023 నవంబరు 30 రాత్రి నా పరుగు పుస్తకంలో 1,830 అని వేసి, పక్కన ఎర్ర పెన్నుతో ‘ఇంకా 170’ అని రాసుకున్నాను. ఏడాదికి రెండు వేల కిలోమీటర్లు పరిగెత్తాలని ఆ జనవరిలో పెట్టుకున్న లెక్క అది. నెలంతా చేతిలో ఉంది, రోజుకు ఐదున్నర చాలు. ఇంతలో మిగ్‌జాం తుపాను వచ్చింది. డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటేదాకా మా నెల్లూరును నానబెట్టింది. వీధిలో నీళ్లు తీసేసరికి నాకు జలుబు, దగ్గు పట్టుకున్నాయి. మళ్లీ షూ వేసుకున్నది 12వ తేదీన. పుస్తకంలో 1,841 ఉంది. అప్పటిదాకా వారానికి 38 కిలోమీటర్లు అలవాటైన కాళ్లను ఒక్కసారిగా 58 పరిగెత్తించాను. 28వ తేదీ సాయంత్రం, 1,981 దగ్గర, ఇంకా పంతొమ్మిది ఉండగా, ఎడమకాలు నేలకు ఆనలేదు. మోకాలి కింద ముందరి ఎముకలో సన్నని పగులు. ఆరు వారాలు పరుగు బంద్. జనవరిలో చెన్నైలో పరిగెత్తుదామని కట్టిన డబ్బులు పోయాయి.

అందుకే ఇది రాస్తున్నాను. చలికాలం జాగ్రత్తలు అనగానే స్వెట్టరు, మంకీ క్యాపు గుర్తొస్తాయి. నెల్లూరులో డిసెంబరు తెల్లవారుజామున ఎంత చల్లగా ఉన్నా ఇరవై డిగ్రీలకు అటూ ఇటూ ఉంటుంది. పరిగెత్తేవాడికి ఆ చలి హాయి. మనకు ప్రమాదం వాన, చీకటి, మంచు. వీటికి తోడు ఏడాది చివర లెక్క పూర్తి చేయాలన్న ఆత్రం. మొదటి మూడూ ఉన్న రోజున మంచం దిగకూడని మనిషిని కూడా ఈ నాలుగోది లేపి రోడ్డు మీదికి తోస్తుంది.

నీళ్లు

మన జిల్లాకు ఏడాదిలో పడే వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే పడుతుంది. మారథాన్ ప్రాక్టీసుకు సరిగ్గా అవే నెలలు. కాబట్టి ఈ మూడు నెలల్లో వారానికి ఒకటి రెండు పరుగులు పోతాయని ముందే రాసిపెట్టుకోండి. పోయినవాటిని తర్వాతి వారంలో కలిపి లాగొద్దు. పోయినవి పోయినట్టే.

చినుకుల్లో పరిగెత్తితే తప్పేం లేదు. ఉరుము వినబడితే మాత్రం ఎక్కడున్నా పక్కా కప్పు కిందికి వెళ్లిపోవాలి. చివరి ఉరుము తర్వాత ఇంకో అరగంట అక్కడే ఉండాలి. చెట్టు కింద నిలబడటం, చేల మధ్య ఒంటరి షెడ్డులో దూరడం రెండూ తప్పే. కరెంటు తీగ తెగి పడి ఉంటే దగ్గరికి పోకుండా దూరం నుంచే 1912కి ఫోన్ చేయండి. తీగ నీళ్లలో పడి ఉంటే ఆ నీళ్లున్న దారే మానేయండి.

కల్వర్టుల మీద పారే నీళ్ల గురించి గట్టిగా చెప్పాలి. చూడటానికి చీలమండ లోతే ఉంటుంది. ఎర్రగా ఉంటుంది గనక అడుగున రోడ్డు ఉందో లేదో తెలియదు. పారే నీళ్లు జానెడు లోతున్నా చాలు, పెద్ద మనిషి కాళ్లనైనా లాగేస్తాయి. 2021 నవంబరులో పెన్నకు వరద వచ్చినప్పుడు పడుగుపాడు దగ్గర జాతీయ రహదారే తెగింది, రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది. హైవేకే దిక్కులేనప్పుడు పల్లె కల్వర్టు ఎంత? ‘రోజూ పోయే దారే కదా’ అన్న మాట నా నోటి నుంచి వచ్చినప్పుడల్లా నేను వెనక్కి తిరుగుతాను.

మైపాడు ఇసుకలో పరిగెత్తడం నాకూ ఇష్టమే. కృష్ణపట్నం రేవులో ప్రమాద హెచ్చరిక ఎగరేస్తే అటు వెళ్లను. హెచ్చరిక దించాక కూడా రెండు మూడు రోజులు ఆగుతాను. తుపాను పోయాక ఒడ్డు రూపే మారిపోతుంది. నిన్నటిదాకా చదునుగా ఉన్నచోట ఇవాళ గుంట ఉంటుంది. చెమట పట్టిందని పరుగవగానే సముద్రంలో దిగే కుర్రాళ్లు మరీ జాగ్రత్త. అలసిన కాళ్లతో లోపలికి లాగే నీళ్లను ఎదిరించలేరు.

తడిసిన షూ సంగతి చిన్నదే కానీ దాన్ని నిర్లక్ష్యం చేసినవాళ్ల వేళ్ల సందుల్లో వచ్చే దురద చిన్నది కాదు. లోపలి అట్ట బయటికి తీసి, పాత దినపత్రిక ఉండలు చుట్టి కుక్కండి. రెండు గంటలకొకసారి కాగితం మారిస్తే మర్నాటికి ఆరుతుంది. తొడలు ఒరుసుకునేచోట వాజలైనో కొబ్బరినూనో రాయండి.

చీకటి, మంచు

చాలామంది డిసెంబరు 21 దాటితే త్వరగా తెల్లారుతుందనుకుంటారు. అలా జరగదు. నెల్లూరులో ఆ రోజు సూర్యుడు దాదాపు ఆరున్నరకు వస్తే, జనవరి మూడో వారానికి ఆరూ నలభై దగ్గరవుతుంది. అంటే ఐదింటికి బయల్దేరేవాళ్లకు సంక్రాంతి వెళ్లాక కూడా గంటకు పైగా చీకటే.

రోడ్డుకు కుడివైపున, ఎదురొచ్చే బండి కళ్లకు కనిపించేలా పరిగెత్తాలి. సైకిల్ మీద అయితే ఎడమవైపే. చెవుల్లో ఏమీ పెట్టుకోవద్దు. ధనుర్మాసంలో గుడి మైకుల మోత ముందే ఉంటుంది, దానికి తోడు మన పాటలు కూడా అయితే వెనక హారన్ వినపడదు. తెల్ల బనీను వేసుకుంటే చాలనుకోకండి, మంచులో తెలుపు కలిసిపోతుంది. లైటు పడితే మెరిసే పట్టీలున్న జాకెట్టు, వెనక నడుముకు ఎర్ర లైటు ఉండాలి. రెండూ కలిపినా ఒక జత షూ ఖరీదులో చిన్న ముక్క.

ముందర లైటు విషయంలో నాకు పాఠం చెప్పింది పాలు పోసే ఒక పెద్దాయన. జనవరిలో ఒకనాడు ఇందుకూరుపేట దాటాక మంచు దట్టంగా కమ్మింది. నా నెత్తికి లైటు కట్టుకుని ఉన్నాను. ఎదుట తెల్లగోడ తప్ప ఏమీ లేదు. లైటు పెంచేకొద్దీ గోడ ఇంకా తెల్లబడుతోంది. సైకిల్‌కు పాలక్యాన్లు తగిలించుకుని నడిపించుకొస్తున్న ఆయన నన్ను చూసి ఆగాడు.

“ఏం నాయనా, లైటు నెత్తిన పెట్టుకుంటే దోవ ఏం కనపడుద్ది? నడుం కాడికి దించు.”

దించాను. పది అడుగుల దూరం తారు కనిపించింది. కళ్ల ఎత్తులో ఉన్న వెలుగు మంచు బిందువులకు తగిలి నేరుగా మన కళ్లలోకే తిరిగి వస్తుంది. కిందికి దించితే నేల మీద పడుతుంది. అప్పటి నుంచి చేతిలో పట్టుకునే టార్చే వాడుతున్నాను. ఆయన ఇంకో మాట కూడా అన్నాడు: “ఈ మంచులో ఏం పని నీకు, పాలేమన్నా పొయ్యాల్నా?” దానికి నా దగ్గర సమాధానం లేదు.

నాట్ల కాలం కాబట్టి దమ్ము చేసిన ట్రాక్టర్లు రోడ్డెక్కి మట్టి పెళ్లలు రాలుస్తూ పోతాయి. పగలు ఎండి, తెల్లవారుజామున మంచుకు తడిసిన ఆ మట్టి సబ్బు కంటే జారుతుంది. మలుపుల్లో వేగం తగ్గించండి. వెనక లైటు లేని ట్రాక్టరు ట్రక్కులు రోడ్డు వారనే నిలిపి ఉంటాయి, సైకిల్ వాళ్లు గుర్తుంచుకోవాలి. కృష్ణపట్నం పోర్టు లారీల దారి, ఒంగోలు వైపు చీమకుర్తి గ్రానైట్ లారీల దారి చీకట్లో ప్రాక్టీసుకు పనికిరావు. ఆ డ్రైవర్ రాత్రంతా నిద్ర లేకుండా వస్తుంటాడు.

ఊళ్లోనే పరిగెత్తేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. ఐదింటికల్లా వాకిళ్లలో కళ్లాపి చల్లి ముగ్గులు వేస్తుంటారు. తడికి జారతాం, ముగ్గు తొక్కితే తిట్లు తింటాం. నాకు రెండూ అయ్యాయి. మంచు కమ్మిన రోజున స్టేడియంలో చుట్లు తిరగడం విసుగే కానీ అదే మేలు.

కుక్కలు, పాములు

కుక్క వెంటపడితే పరుగు ఆపేయండి. నిలబడి, దాని వైపు తిరిగి, కళ్లలోకి చూడకుండా నెమ్మదిగా వెనక్కి జరగండి. కరిచినా, గోరు గీరుకున్నా కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. సున్నం, కారం, పసుపు ఏవీ పెట్టొద్దు. అదే రోజు వ్యాక్సిన్ మొదలుపెట్టాలి. చర్మం చీలి రక్తం వస్తే గాయం చుట్టూ ఇచ్చే ఇమ్యునోగ్లోబులిన్ ఇంజెక్షన్ కూడా అడగాలి. చెప్పిన తేదీల్లో అన్ని డోసులూ వేయించుకోవాలి, మూడో డోసుకే ఆపేవాళ్లను చూశాను.

చేల మధ్య రోడ్లపై రక్తపింజరి, కట్లపాము ఉంటాయి. టార్చి వెలుగు పడని చోట అడుగు వేయొద్దు. కాటేస్తే కట్టు బిగించకుండా, కోయకుండా, నడవకుండా 108కి ఫోన్ చేసి ప్రభుత్వాసుపత్రికి చేరాలి.

ఒళ్లు చెప్పేది వినడం

వానల తర్వాత జ్వరాల కాలం. ముక్కు కారడం, తుమ్ములు మాత్రమే ఉంటే మెల్లగా కాసేపు పరిగెత్తొచ్చు. జ్వరం, ఒళ్లునొప్పులు, గొంతు దిగి ఛాతీలో దగ్గు ఉంటే వద్దు. వైరల్ జ్వరంలో పరిగెత్తితే గుండె కండరానికి వాపు వచ్చే ప్రమాదం ఉంది. డెంగ్యూ అనుమానం ఉంటే ఒళ్లునొప్పులకు ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ బిళ్లలు మింగొద్దు, రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంది. పరుగుకు ముందు నొప్పి రాకుండా ఆ బిళ్ల వేసుకునే అలవాటు కొందరికి ఉంది. దాంతో కిడ్నీలు దెబ్బతినే ప్రమాదం ఉంది.

ఇక నా కాలి కథ. 22వ తేదీన నొప్పి మొదలైంది. మర్నాడు ఎక్స్‌రే తీయిస్తే ఏమీ కనిపించలేదు. సంబరపడిపోయి ఆ సాయంత్రమే మళ్లీ పరిగెత్తాను. ఇలాంటి పగులు మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో చాలాసార్లు పడదని, ఎంఆర్ఐలో తెలుస్తుందని తర్వాత తెలిసింది. ఇంట్లో చూసుకునే పద్ధతి ఒకటుంది. బొటనవేలితో ఆ ఎముక వెంట పైనుంచి కిందికి నొక్కుతూ రండి. జానెడు మేర అంతటా సలుపు ఉంటే ఎక్కువగా అది కండరాల లాగుడు, పరుగు తగ్గిస్తే సర్దుకుంటుంది. రూపాయి బిళ్లంత చోట మాత్రమే ప్రాణం లేచొచ్చే నొప్పి ఉందా, ఆ కాలి మీద గెంతలేకపోతున్నారా, రాత్రి పడుకున్నా నొప్పి తెలుస్తోందా, వెంటనే పరుగు ఆపి ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లండి. నాకు 24వ తేదీకే ఈ మూడూ ఉన్నాయి. తెలిసే పరిగెత్తాను.

చల్లగా ఉంటుంది గనక దాహం తెలియదు, గాలిలో తేమ వల్ల చెమట మాత్రం ఆగదు. పరుగుకు ముందూ వెనకా బరువు చూసుకోండి. కిలో తగ్గితే దాదాపు లీటరు నీరు పోయినట్టు. ఉప్పేసిన మజ్జిగ మంచిది. బరువు పెరిగితే నీళ్లు మరీ ఎక్కువ తాగారని, అదీ ప్రమాదమే. నలభై దాటి కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందు గుండె పరీక్ష చేయించుకోండి. పరుగులో ఛాతీ బరువెక్కినా, దవడ, ఎడమచెయ్యి లాగినా గ్యాస్ అనుకోవద్దు.

మానేయాల్సిన తేదీలు

జనవరి 1 తెల్లవారుజామున ఎవరూ రోడ్డెక్కొద్దు. ఏడాదిని పరుగుతో మొదలుపెట్టాలన్న సరదా అందరికీ ఉంటుంది. ఆ నాలుగింటికి బండి నడిపేవాడు ఎక్కడినుంచి వస్తున్నాడో ఆలోచించండి. ఎనిమిదింటికి వెళ్లినా అదే ఏడాది.

భోగినాడు పొద్దెక్కేదాకా వద్దు. మంటల్లో పిడకలు, పాత చెక్కతో పాటు టైర్లు కూడా కాలుస్తున్నారు. ఆ పొగ మంచుతో కలిసి నేల మీదే ఉంటుంది. పండగ మూడు రోజులూ సైకిల్ వాళ్లు గాలిపటాల దారాలు చూసుకోవాలి. చైనా మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే నిషేధించినా దొరుకుతూనే ఉంది. మెడ చుట్టూ మందపాటి గుడ్డ చుట్టుకోండి.

పుస్తకం గురించి

ఆ ఆరు వారాలు కదలకుండా కూర్చుని పాత పుస్తకాలు తిరగేశాను. పరిగెత్తిన రోజుల లెక్క కచ్చితంగా ఉంది, మానేసిన రోజుల గురించి ఒక్క అక్షరం లేదు. ఇప్పుడు మానేసిన రోజునే ఎక్కువ రాస్తున్నాను: వాన, జ్వరం, నిద్ర లేదు, మేనకోడలి పెళ్లి, బద్ధకం. ఏడాది చివర ఇవి కూడితే మన శిక్షణ ఎలా సాగిందో కిలోమీటర్ల కంటే బాగా తెలుస్తుంది. నా లెక్కలో కావాలని మానేసిన రోజులు ఎక్కువున్న ఏడాదిలో కాలు బాగుంది. మొదటి పేజీలో ఏడాది మొత్తం ఇంత అని రాసుకోవడం మానేశాను. ఆ వారం ఎంతో రాసుకుంటాను, ముందు వారం కంటే నాలుగు కిలోమీటర్లకు మించి పెంచను. పది రోజులు ఆగిపోతే సగంతో మొదలుపెడతాను.

నా స్నేహితుడొకడు మొన్న ఫోన్ చేశాడు. ఈ నెలాఖరుకు 140 తక్కువ ఉన్నాయంట, ఎలా కలపాలని అడిగాడు. నా కాలి ఎంఆర్ఐ ఫోటో వాట్సాప్‌లో పంపాను. “ఇదేందన్నా?” అన్నాడు. “పంతొమ్మిది కిలోమీటర్లు” అన్నాను.

ఈ ఏడాది పుస్తకంలో ఇవాళ్టికి 1,706 ఉంది. బంగాళాఖాతంలో వాయుగుండం, ఎల్లుండి నుంచి వాన అంటున్నారు. షూలో కాగితాలు కుక్కి అటక మీద పెట్టేశాను. మా ఆవిడ నిచ్చెన తీసి పెరట్లో పెట్టింది.