గేదె సొంగ కారుస్తోందా? గాలికుంటు సమస్య - పరిష్కారం

పొద్దున పాలు పిండబోతే సగానికి సగం తగ్గాయి. కుడితి ముట్టలేదు. నోరు చప్పరిస్తోంది, తీగలా సొంగ కారుస్తోంది, ఒక కాలు ఎత్తి ఎత్తి పెడుతోంది. ఒళ్లు కాలిపోతోంది, 104, 105 డిగ్రీలుంటుంది. నోరు తెరిచి చూడండి. నాలుక మీద, చిగుళ్ల మీద బొబ్బలుంటాయి, లేదా అవి చితికి పొర ఊడి ఎర్రగా పచ్చిపుండు కనిపిస్తుంది. గిట్టల సందులోనూ అంతే. నోరు, గిట్టలు రెండూ పుండు పడితే గాలికుంటేనని అనుమానించి కదలండి. మన గుంటూరు, కృష్ణా పల్లెల్లో గేదెలు ఎక్కువ. సంకరజాతి ఆవులో తీవ్రంగా కనిపించే జబ్బు గేదెలో తేలిగ్గా ఉండొచ్చు, అందుకే ఎండదెబ్బ అనుకుని వదిలేస్తారు.

గొంతు కింద వాపు, గురక ఉంటే మాత్రం అది గొంతువాపు. గాలికుంటులా వైరస్ వల్ల కాదు, బాక్టీరియా వల్ల వస్తుంది. ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం తీస్తుంది. వెంటనే డాక్టరు రావాలి.

సమస్య: ఒకదానికి వచ్చింది, నాలుగు రోజుల్లో కొట్టమంతా పాకింది.

కారణం చాలాసార్లు మన చేతులే. సొంగలో, పాలలో, బొబ్బల నీళ్లలో వైరస్ నిండా ఉంటుంది. జబ్బు గేదెను పిండిన చేత్తోనే పక్కదాన్ని పిండుతాం. అదే బకెట్, అదే కుడితి తొట్టి. సాయంత్రం అన్నిటినీ కలిపి కాలువలోకి తోలతాం. పాల క్యాను, గడ్డి ట్రాక్టరు టైరు, బేరగాడి చెప్పులు కూడా మోస్తాయి. దగ్గరలో గాలి ద్వారానూ సోకుతుంది. పైగా బొబ్బలు తేలకముందే పాలలో వైరస్ మొదలవుతుంది.

పరిష్కారం: మందుల షాపుకు పరిగెత్తేముందు దాన్ని విడిగా కట్టండి. దానికి వేరే తొట్టి, వేరే మనిషి. మనిషి లేకపోతే ఆరోగ్యంగా ఉన్నవాటిని ముందు పిండి, జబ్బుదాన్ని చివర పిండండి. పది లీటర్ల నీళ్లలో 400 గ్రాముల చాకలి సోడా కలిపి నేల, తొట్లు, చెప్పులు కడగండి. వైరస్ చావడానికి అది చాలు. కాలువకు, సంతకు తోలడం ఆపండి. ఆ పాలు కేంద్రానికి పోయకండి. 1962కి ఫోన్ చేయండి, సంచార పశువైద్య వాహనం వస్తుంది. పశువుల అంటువ్యాధుల నివారణకు తెచ్చిన 2009 చట్టం ప్రకారం కూడా ఈ జబ్బును దాచకూడదు.

పుండ్ల సంగతి: వైరస్‌ను చంపే మందు లేదు. లీటరు నీళ్లకు గ్రాము పొటాషియం పర్మాంగనేట్ కలిపి నోరు, గిట్టలు కడిగి, నోట్లో బోరిక్ పొడి కలిపిన గ్లిజరిన్, గిట్టలకు వేపనూనె రాయండి. గంజి, జావ, మెత్తటి పచ్చిగడ్డి పెట్టండి. ఎండు వరిగడ్డి పుండును గీరుతుంది. యాంటీబయాటిక్ పుండులో చీము పట్టకుండా చూడటానికే, డాక్టరు చెబితేనే.

సమస్య: దూడ పొదుగు కుడుస్తూనే ఉన్నట్టుండి పడి చచ్చిపోయింది.

వైరస్ లేత దూడ గుండె కండరాన్ని తినేస్తుంది, బొబ్బ కూడా రాదు. అందుకే తల్లికి జ్వరం అని తెలిసిన క్షణంలోనే దూడను విడదీయండి. మరగించి చల్లార్చిన పాలు పట్టండి.

సమస్య: టీకా వేయించినా వచ్చింది.

టీకా పనిచేయడానికి రెండు మూడు వారాలు పడుతుంది. దాని బలం ఆరు నెలలే, ఒక్క విడత తప్పినా కవచం పోతుంది. మన దేశపు టీకాలో ఓ, ఏ, ఏషియా-1 అనే వైరస్ రకాలుంటాయి. 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ చల్లదనం తప్పితే అది నీళ్లే. ఐస్ పెట్టెలోంచి తీశారో లేదో అడగండి, అడగడం మీ హక్కు. దూడకు నాలుగో నెల దాటాక మొదటి డోసు, ఆ తర్వాత నెలకు బూస్టరు, అంటే రెండో డోసు. 2019లో మొదలైన జాతీయ పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమంలో ఈ టీకా ఉచితం. సంతలో కొత్త గేదెను కొంటే మూడు వారాలు విడిగా కట్టాకే మందలో కలపండి.

సమస్య: జబ్బు తగ్గింది, కానీ ఎండలో రొప్పుతోంది, పాలు మునుపటిలా లేవు.

ఇది గాలికుంటు వదిలిన నష్టం, కొన్నిటికి ఎప్పటికీ పోదు. నీడ, చల్లటి నీళ్లు, మధ్యాహ్నం ఒంటిమీద నీళ్లు కుమ్మరించడం సాయపడతాయి. తేరుకున్న పశువు గొంతులో వైరస్ నెలలు, ఏళ్లు దాగి ఉండొచ్చు. అందుకే ఆ మందలో మిగిలినవాటికి ఆరు నెలల టీకా ఒక్కసారి కూడా తప్పనీయకండి.