పిల్లల పనుల బోర్డు పనిచేయట్లేదా? లోపం ఎక్కడుందో ఇలా చూడండి

పిల్లలు రోజూ చేయాల్సిన పనుల చార్ట్ అంటించి, పని అయినప్పుడల్లా ఇచ్చే స్టిక్కర్లు కొని, మొదటి రెండు మూడు రోజులు ఇంట్లో అందరూ చప్పట్లు కొట్టాక మళ్లీ అదే గోల మొదలవుతుంది, కింద స్కూల్ వ్యాన్ హారన్ కొడుతుంటే పైన ఒక కాలికే సాక్సు ఉంటుంది. "మావాడి దగ్గర ఇవేవీ సాగవు" అని అప్పుడే తేల్చేయకండి. ముందు బోర్డును పరీక్షించండి, చాలాసార్లు లోపం అందులోనే ఉంటుంది. ఇక్కడ చెప్పేది మూడు నుంచి ఏడేళ్ల పిల్లల గురించి.

బోర్డు వైపు చూడనే చూడరు

కారణం: అది ఫ్రిజ్ తలుపు మీద పెద్దవాళ్ల కళ్లకు ఎదురుగా ఉంటుంది, పైగా అంతా అక్షరాలే. చదవడం రాని పిల్లకు అది గోడ మీది క్యాలెండర్ లాంటిదే.

ఏం చేయాలి: పిల్ల చెయ్యి అందేంత కిందికి దించండి. బొమ్మల కోసం నెట్‌లో వెతకక్కర్లేదు, మీ పాప బ్రష్, మీ పాప టిఫిన్ డబ్బా, మీ పాప బూట్లే ఫోన్‌లో ఫొటో తీసి సందు చివర జిరాక్స్ షాపులో కలర్ ప్రింట్ వేయించండి. పని అవగానే ఆ కార్డు తనే తీసి పక్కనున్న సంచిలో వేయాలి. చిన్నపిల్లలకు ఆ వేయడమే ఆట, దాన్ని మీరు చేసేయకండి.

ప్రతిదీ మళ్లీ నోటితో చెప్పాల్సి వస్తోంది

పనులు ఎక్కువై ఉంటాయి, లేదా అవి పనులే అయ్యుండవు. "మంచిగా ఉండాలి" అంటే ఏం చేయాలో ఏ పిల్లాడికీ తెలియదు, "గది సర్దాలి" కూడా అంతే. "బ్లాకులు డబ్బాలో వెయ్యి" అంటే తెలుస్తుంది. మూడు, నాలుగు కార్డులు చాలు, మూడేళ్ల వాళ్లకైతే రెండే: ముందు ఇది, తర్వాత అది. ఇక "బూట్లు వేసుకున్నావా, వేసుకున్నావా" అనడం మానేసి "బోర్డులో తర్వాత ఏముంది?" అని ఒక్కసారి అడిగి ఆగండి.

స్టిక్కర్ల మీద మోజు పోయింది

బహుమతి మరీ దూరంలో ఉంది. హైదరాబాద్‌లో నుమాయిష్ ఎగ్జిబిషన్ జనవరి 1న మొదలవుతుంది కదా అని డిసెంబర్ మొదట్లోనే దాన్ని ఆశ పెడితే, నాలుగేళ్ల పిల్లకు నెల రోజులంటే అంతుపట్టదు. అదే రోజు, వీలైతే అదే గంటలో దక్కేది కావాలి. ఒక డబ్బాలో చీటీలు వేసి తననే తీయమనండి: నాన్న వీపు మీద ఏనుగు సవారీ, బాల్కనీలో సబ్బు బుడగలు, రాత్రికి ఇంకో కథ, సాయంత్రం మెట్రోలో రెండు స్టేషన్లు వెళ్లి రావడం. ఏం వస్తుందో తెలియని ఆ ఉత్సాహం కొత్త బొమ్మ కొన్నా రాదు. స్టిక్కర్లు అయిపోతే అమ్మ బొట్టుబిళ్లలున్నాయి, పిల్లలకు అవే ఎక్కువ ఇష్టం. ఆరేళ్లు దాటినవాళ్లు వారం ఆగగలరు, వాళ్లకు జూ పార్కు దాకా గళ్ల దారి గీసి రోజుకో గడి రంగు వేయించండి (హైదరాబాద్ జూకి సోమవారం సెలవు, మరవకండి).

"చేస్తే ఏమిస్తావ్?"

నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టే లక్షణం ఇదే. 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే పరిశోధకులు బొమ్మలు గీయడం ఇష్టమున్న నర్సరీ పిల్లల్లో కొందరికి, గీస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పి ఇచ్చారు. కొన్నాళ్ల తర్వాత చూస్తే వాళ్లు మిగతా పిల్లలు గీసినదాంట్లో దాదాపు సగం సమయమే గీశారు. ముందు చెప్పకుండా చివర్లో సర్టిఫికెట్ ఇచ్చిన పిల్లల్లో మాత్రం ఆ ఇష్టం తగ్గలేదు. కాబట్టి మీవాడు ఇష్టంగా చేసేవాటిని, అంటే బొమ్మలు గీయడం, మొక్కలకు నీళ్లు పోయడం, చెల్లిని ఆడించడం లాంటివాటిని బోర్డులోకి తేవద్దు. పళ్లు తోమడం, బ్యాగ్ సర్దడం లాంటి విసుగు పనులకే బోర్డు, అవి కూడా అలవాటయ్యాక ఒక్కో కార్డూ తీసేస్తూ రండి. "గుడ్ బాయ్" కంటే "అడగకుండానే డబ్బా సింకులో పెట్టావే" అన్న మాట బాగా పనిచేస్తుంది. ఏడుస్తున్నప్పుడు "ఆపితే చాక్లెట్" అన్నారంటే అది లంచం, రేపు ఏడుపే ముందొస్తుంది.

కోపమొస్తే స్టార్లు పీకేస్తున్నాం

మానేయండి. సంపాదించుకున్నది పోతుందని తెలిస్తే పిల్లలకు బోర్డు మీదే నమ్మకం పోతుంది.

నానమ్మ, తాతయ్య ఊరికే ఇచ్చేస్తున్నారు

వాళ్లతో గొడవ వద్దు. చీటీల డబ్బా నానమ్మ చేతికే ఇవ్వండి, తాతయ్యతో కథ చెప్పించండి. అక్కాతమ్ముళ్లుంటే ఎవరి బోర్డు వాళ్లదే, పక్కపక్కన పెట్టి లెక్కలు పోల్చకండి.

అన్నీ సరిచేసినా పొద్దున మొండికేస్తున్నారు

నిద్ర చూడండి. మూడు నుంచి ఐదేళ్ల వాళ్లకు పగటి కునుకుతో కలిపి 10 నుంచి 13 గంటలు కావాలి. నాన్న ఆఫీసు నుంచి వచ్చేదాకా పదకొండింటికి కూడా మెలకువగా ఉండే బిడ్డ ఆరున్నరకు లేస్తే ఏ స్టిక్కరూ సరిపోదు. ఒక వారం బోర్డు పక్కనపెట్టి, రోజుకో పావుగంట చొప్పున ఇంకా తొందరగా పడుకోబెట్టండి.