లింకు పంపే ముందు

ఎమ్మెస్సీ సైకాలజీ చివరి సెమిస్టర్ రాగానే ప్రాజెక్టు కోసం సర్వే లింకుల వాన మొదలవుతుంది. "రెండు నిమిషాలే పిన్నీ, నింపి ఇంకో పదిమందికి పంపు" అంటూ బంధువుల వాట్సాప్ గ్రూపుల్లోకి వదిలేస్తాం. ఎదురుగా కూర్చుని అడిగేటప్పుడైతే మనిషి ముఖం మారగానే ఆపేస్తాం. లింకు ఆపదు. కాబట్టి పడాల్సిన జాగ్రత్తంతా పంపకముందే.

నాకు ఎక్కువ భయం పీహెచ్‌క్యూ-9 లాంటి, డిప్రెషన్ ఎంతుందో కొలిచే ప్రశ్నల స్కేళ్లతోనే. దాని తొమ్మిదో ప్రశ్న చనిపోతే బాగుండునన్న ఆలోచనల గురించి. పేరూ ఫోన్ నంబరూ తీసుకోని సర్వేలో ఎవరైనా అక్కడ "దాదాపు ప్రతిరోజూ" అని టిక్ పెడితే, మర్నాడు షీట్‌లో చూసి టెన్షన్ పడటం తప్ప మనం చేయగలిగింది ఉండదు. ఆ ప్రశ్న నిజంగా కావాలా అని గైడ్‌తో ముందే తేల్చుకోండి. అక్కర్లేదంటే అది లేని పీహెచ్‌క్యూ-8 ఉంది. ఉంచక తప్పదంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 ఆ ప్రశ్న కిందే పెట్టండి. 24 గంటలూ ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. చాలామంది దాన్ని చివరి పేజీలో పెడతారు. మధ్యలో మానేసినవాళ్లకి అది కనబడదు, అసలు అవసరం వాళ్లకే ఉండొచ్చు.

తర్వాత గూగుల్ ఫామ్ సెట్టింగ్స్. జవాబుల సారాంశం చూపించే ఆప్షన్ ఆన్‌లో ఉంటే, ఒకరు రాసుకున్న బాధ మిగతావాళ్లంతా చదివేస్తారు. ఈమెయిల్ తీసుకుంటూ పైన "మీరెవరో మాకు తెలియదు" అని రాయడం పచ్చి అబద్ధం. పోనీ పేరు తీసేస్తే సరిపోతుందా? 2006లో ఏఓఎల్ అనే అమెరికా ఇంటర్నెట్ కంపెనీ దాదాపు 6,50,000 మంది సెర్చ్ చేసిన మాటల్ని, పేర్లకు బదులు నంబర్లు వేసి బయటపెట్టింది. కొద్ది రోజుల్లోనే విలేకరులు ఆ మాటల్ని పట్టుకుని ఒకావిడ ఎవరో కనిపెట్టేశారు. ఊరు, కులం, వయసు, ఉద్యోగం నాలుగూ అడిగితే మన పల్లెలో మనిషిని పట్టడానికి విలేకరి కూడా అక్కర్లేదు.

ఇంటర్ పిల్లలకు పంపేవాళ్లు ఆగండి. 2023 డేటా రక్షణ చట్టం లెక్కలో 18 నిండనివాళ్లంతా పిల్లలే. ముందు తల్లిదండ్రుల అనుమతి, కాలేజీ ఎథిక్స్ కమిటీ ఆమోదం తీసుకోండి.

రీచార్జ్ ఇస్తామని ఊరించకండి, ఒకే చెయ్యి నలభై ఫామ్‌లు నింపుతుంది.

గృహహింస మీద ప్రశ్నలైతే లింకు పద్ధతే వద్దంటాను. చాలా ఇళ్లలో ఆవిడ ఫోన్ ఆవిడ ఒక్కదాని చేతిలోనే ఉండదు.