పదంకెల సంఖ్యను చేత్తో విడదీసే పద్ధతి: ఆర్యభటుని 157,79,17,500

పెద్ద సంఖ్య గుణాలు తెలియాలంటే ముందుగా దాని ప్రధాన కారణాంకాలను రాబట్టాలి. భాజకాల సంఖ్య, వాటి మొత్తం వంటివి ఆ తరువాత చిన్న గుణకారాలతోనే తేలిపోతాయి. ఇక్కడ ఉదాహరణగా తీసుకున్నది ఆర్యభటీయంలోని సంఖ్య. 43,20,000 సౌర సంవత్సరాల కాలమైన ఒక మహాయుగంలో భూమి నక్షత్రాల దృష్ట్యా 158,22,37,500 సార్లు తిరుగుతుందని ఆర్యభటుడు చెప్పాడు. ఏడాదికి ఆ భ్రమణాల కన్నా దినాలు ఒకటి తక్కువ కనుక, అందులోంచి సంవత్సరాల సంఖ్య 43,20,000ని తీసివేస్తే మిగిలే 157,79,17,500 ఆ యుగంలోని దినాల సంఖ్య.

ప్రధాన కారణాంకాల కోసం వర్గమూలం వరకు వెతకాలి. దీని వర్గమూలం దాదాపు 39,723 కనుక, నేరుగా ఒక్కొక్క ప్రధాన సంఖ్యతో భాగించుకుంటూ పోవడం వృథా ప్రయాస. ముందు తేలిక కారణాంకాలను తొలగించాలి. చివర రెండు సున్నలున్నాయి కనుక 100తో భాగిస్తే 1,57,79,175 వస్తుంది. అది 75తో ముగుస్తుంది కనుక 25తో భాగిస్తే 6,31,167 మిగులుతుంది. దీని అంకెల మొత్తం 24 కాబట్టి 3 భాగిస్తుంది, ఫలితం 2,10,389. దీని అంకెల మొత్తం 23 కాబట్టి 3 మళ్లీ భాగించదు. ఇప్పుడు వర్గమూలం 458 దాకా దిగింది.

తరువాత 7, 11, 13లను విడివిడిగా పరీక్షించనక్కరలేదు. ఆ మూడింటి లబ్ధం 1001 కావడం వల్ల, సంఖ్యను మూడేసి అంకెల చొప్పున విడగొట్టి 389 నుంచి 210 తీసివేస్తే చాలు. వచ్చిన 179ని 7, 11, 13 భాగిస్తే వరుసగా 4, 3, 10 శేషాలు మిగులుతాయి కనుక మూడూ తప్పుకుంటాయి. 17 నుంచి 59 వరకు మాత్రం ఓపికగా భాగించవలసిందే, దగ్గరి దారి లేదు. 59కి శేషం 54. ఆ వెంటనే 61 నిశ్శేషంగా భాగిస్తుంది, భాగఫలం 3,449.

చాలామంది ఇక్కడ 3,449ని మళ్లీ 2 నుంచి పరీక్షించడం మొదలుపెడతారు. 59 వర్గం 3,481, అంటే 3,449 కన్నా ఎక్కువ. అంతకు లోపలి ప్రధాన సంఖ్యలేవీ 2,10,389ని భాగించలేదని ముందే తేలింది కాబట్టి 3,449 ప్రధాన సంఖ్యే.

కాబట్టి 157,79,17,500 = 2² × 3 × 5⁴ × 61 × 3449. ప్రతి ఘాతాంకానికి ఒకటి కలిపి గుణిస్తే, 3 × 2 × 5 × 2 × 2, అంటే 120 భాజకాలు. వాటి మొత్తం కోసం ప్రతి ప్రధాన కారణాంకానికి 1 నుంచి దాని గరిష్ఠ ఘాతం వరకు కూడి (2²కి 1 + 2 + 4 = 7), ఆ మొత్తాలను గుణించాలి: 7 × 4 × 781 × 62 × 3450 = 467,75,65,200.

43,20,000తో దీని గరిష్ఠ సామాన్య భాజకం 7,500. రెండింటినీ దానితో భాగిస్తే 576 సంవత్సరాలకు 2,10,389 దినాలు వస్తాయి. అంటే సంవత్సరానికి 365 రోజుల 6 గంటల 12 నిమిషాల 30 సెకన్లు. నేటి నాక్షత్ర సంవత్సరం (నక్షత్రాల దృష్ట్యా కొలిచే సంవత్సరం) కన్నా ఇది సుమారు 3 నిమిషాల 20 సెకన్లే ఎక్కువ.