.22 లివర్ రైఫిల్ మొరాయిస్తే: సమస్య, కారణం, పరిష్కారం, కొనేటప్పుడు చూడాల్సినవి

ఉడతల, కుందేళ్ళ వేటకి ఒక .22 లివర్ యాక్షన్ (ట్రిగ్గర్ దగ్గరుండే లివర్‌ని కిందికీ పైకీ తిప్పితే తూటా మారే చిన్న రైఫిల్) తీసుకుందాం అనుకునే ప్రతివాళ్ళూ ముందు అడిగేది "ఏ కంపెనీది మంచిది బ్రో" అని. నేనైతే "అది ఇరుక్కుంటే ఇంట్లో నేనే సరిచేసుకోగలనా" అని ముందు అడగమంటా, ఎందుకంటే ఏ కంపెనీదైనా ఈ రకం రైఫిళ్ళు మొరాయించే తీరు దాదాపు ఒకటే, తొంభై శాతం గొడవ మురికి, తూటా, లివర్ తిప్పే చెయ్యి, ఈ మూడిట్లోనే ఉంటుంది. రోగాలు తెలిస్తే ఏది కొనాలో దానంతట అదే తేలుతుంది. ఇదంతా అమెరికా సంగతి, ఇండియాలో 1972 వన్యప్రాణి చట్టం ఉంది కాబట్టి ఊరెళ్ళినప్పుడు చెవుల పిల్లి కనబడింది కదా అని సరదాపడకండి.

సమస్య: షాపులో ఫారం దగ్గరే బండి ఆగిపోయింది

హెచ్1బీ, హెచ్4, ఎఫ్1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళకి ఇది. ఫెడరల్ చట్టం ప్రకారం ఈ వీసాల వాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ కొనడం మాత్రమే కాదు, దగ్గర ఉంచుకోవడం కూడా నేరమే. దీనికి కొన్ని మినహాయింపులున్నాయి, మనకి పనికొచ్చేది ఏదైనా ఒక రాష్ట్రం ఇచ్చిన, ఇంకా చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్. అంటే ముందు లైసెన్స్, తర్వాత 4473 ఫారం (గన్ కొనేటప్పుడు షాపులో నింపేది), ఈ వరస తప్పకూడదు. లైసెన్స్ గడువు అయిపోతే మినహాయింపు కూడా పోయినట్టే, గన్ ఇంట్లో ఉన్నా సరే, కాబట్టి రెన్యువల్ డేట్ ఫోన్‌లో పెట్టుకోండి. గ్రీన్ కార్డ్ ఉంటే ఈ తలనొప్పి లేదు. టెక్సాస్‌లో 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు వేటకి వెళ్ళాలంటే హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు ఉండాలి, అది ఎలాగూ చేస్తే మంచిదే. అనుమానముంటే లాయర్‌ని అడగండి, వాట్సాప్ గ్రూప్‌ని కాదు.

సమస్య: ఖాళీ బ్రాస్ (కాల్చేసిన తూటా తొడుగు, అంటే కేస్) బయటికి పడట్లేదు, లేకపోతే పాతదీ కొత్తదీ రెండూ లోపల ఇరుక్కున్నాయి

కొత్తవాళ్ళు వెంటనే ఎక్స్‌ట్రాక్టర్ (కేస్‌ని వెనక్కి లాగే కొక్కెం) పోయింది అనేస్తారు. చాలాసార్లు కారణం చెయ్యే. లివర్‌ని భయం భయంగా సగం దాకా దింపి మళ్ళీ పైకి లాగేస్తే బోల్ట్ (తూటాని వెనక నుంచి మూసే ముక్క) పూర్తిగా వెనక్కి వెళ్ళదు, కేస్‌ని బయటికి తన్నే ఎజెక్టర్‌కి తగలదు, ఖాళీ కేస్ అక్కడే ఉండిపోతుంది, ఈలోపు ట్యూబ్‌లోంచి (బారెల్ కింద తూటాలుండే గొట్టం) ఇంకో రౌండ్, అంటే తూటా, వచ్చి దాని నెత్తిన కూర్చుంటుంది. చెట్టు మీద ఉడత కదులుతుంటే, కంగారులో ఇది ఇంకా ఎక్కువ. పరిష్కారం: లివర్ ఆగేదాకా కిందికి, ఆగేదాకా పైకి, ఒకే ఊపులో, మెల్లగా కాదు గట్టిగా. కంపెనీ వాడు అమ్మే డమ్మీ రౌండ్లు ఒక ప్యాకెట్ తెచ్చుకుని ఇంట్లో ప్రాక్టీస్ చేస్తే అలవాటైపోతుంది, అసలు తూటాలు ఆ గదిలోనే ఉండకూడదు అనుకోండి.

కొనేటప్పుడు ఇక్కడే తేడా తెలుస్తుంది. బ్రౌనింగ్ బీఎల్-22 లివర్ 33 డిగ్రీలే తిరుగుతుంది, వేళ్ళు లూప్‌లోంచి తియ్యక్కర్లేదు, ట్రిగ్గర్ కూడా లివర్‌తో పాటే కిందికి వస్తుంది కాబట్టి వేలు నలగదు, జపాన్‌లో మిరోకు వాళ్ళు చేస్తారు, పనితనం కనబడుతుంది, రేటు కూడా కనబడుతుంది. వించెస్టర్ 9422 అయితే ట్యూబ్ వదిలినప్పటి నుంచి చాంబర్ (బారెల్ వెనక తూటా కూర్చుని పేలే చోటు) దాకా రౌండ్‌ని పట్టుకునే తీసుకెళ్తుంది, అందుకే దానికంత పేరు, కానీ 1972లో మొదలై 2005లో ఆగిపోయింది, ఇప్పుడు దొరికేవన్నీ సెకండ్ హ్యాండే, కలెక్టర్లు ఎగబడి రేట్లు పెంచేశారు.

లివర్ పూర్తిగా తిప్పినా కేస్ రాకపోతే అప్పుడు చాంబర్ చూడాలి. .22 తూటాకి సీసం బయటే ఉంటుంది, దాని మీద మైనం లాంటి పూత, ఆ మైనమూ మసీ కలిసి చాంబర్‌లో గట్టిపడతాయి. ఇంకొకటి చాలామందికి తట్టదు, అదే రైఫిల్లో .22 షార్ట్ రౌండ్లు చాలా కాలిస్తే పొట్టి కేస్ మూతి ఆగే చోట మసి ఒక ఉంగరంలా పేరుకుంటుంది, తర్వాత లాంగ్ రైఫిల్ (మామూలు పొడవు .22 తూటా) వేస్తే కేస్ ఆ ఉంగరంలోకి దూరి బిగుసుకుపోతుంది. సాల్వెంట్ పోసి కాసేపు నాననిచ్చి కంచు బ్రష్‌తో చాంబర్ రుద్దితే పోతుంది.

అప్పటికీ బిగుసుకుంటుంటే, అన్‌లోడ్ చేసి, రెండుసార్లు చూసుకుని, చాంబర్ మూతి అంచు మీద గోరు మెల్లగా లాగండి. ఫైరింగ్ పిన్ పడే చోట గోరుకి చిన్న గరుకు తగిలిందా, అదే దొంగ. ఖాళీ చాంబర్ మీద ఊరికే క్లిక్ క్లిక్ మనిపిస్తూ ఉంటే పిన్ వెళ్ళి చాంబర్ అంచుని కొడుతుంది, అక్కడ ఇనుము లోపలికి పొంగి కేస్‌ని పట్టేస్తుంది. దీనికి చాంబర్ ఐరన్ అనే చిన్న టూల్ ఉంది, గన్‌స్మిత్ పది నిమిషాల్లో సరిచేస్తాడు, మీరు మాత్రం ఆకురాయి పెట్టి గీకకండి. మాన్యువల్లో పర్లేదు అని రాసుంటే తప్ప .22ని డ్రై ఫైర్ చెయ్యొద్దు. సెకండ్ హ్యాండ్‌ది కొనేటప్పుడు ఈ గోరు టెస్ట్ షాపులోనే చెయ్యండి, ఓనర్‌ని అడిగి.

సమస్య: టిక్కుమంది, పేలలేదు

ముందు చెయ్యాల్సింది ఏమీ చెయ్యకపోవడం. బారెల్ టార్గెట్ వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగండి, కొన్ని రౌండ్లు ఆలస్యంగా పేలతాయి. తర్వాత తీసి రిమ్ (తూటా అడుగు అంచు) మీద పిన్ గుర్తు చూడండి. రోగం ఎక్కడుందో ఆ గుర్తే చెప్తుంది.

గుర్తు లోతుగా, స్పష్టంగా ఉంటే తప్పు తూటాది. రిమ్‌ఫైర్‌లో (.22 లాగా పిన్ అంచు మీద కొట్టే రకం) పేలే మందుని కేస్ అంచు చుట్టూ గిర్రున తిప్పి పరుస్తారు, ఒక్కోసారి ఒక పక్క సరిగ్గా చేరదు, పిన్ సరిగ్గా అక్కడే పడితే తుస్సు. బల్క్ డబ్బాల్లో ఇది ఎక్కువ. డబ్బాకి ఒకటో రెండో అయితే వదిలెయ్యండి, అంతకి మించితే బ్రాండ్ మార్చండి, సీసీఐ మినీ మ్యాగ్ లాంటివి కొంచెం ఖరీదే గానీ వేటకి అదే నయం.

గుర్తు పల్చగా ఉంటే రైఫిల్ వైపు చూడాలి. బోల్ట్ లోపల పాత గ్రీజు గట్టిపడి పిన్‌ని ఆపుతుంటుంది, మిషిగన్, మిన్నెసోటా చలిలో అయితే మరీనూ. బోల్ట్ లోపల శుభ్రంగా కడిగి ఆరబెట్టండి, నూనె ఉందా లేదా అన్నట్టు ఉండాలి, పోపు పెట్టినట్టు పొయ్యకూడదు. చాంబర్ మురికిగా ఉంటే రౌండ్ పూర్తిగా లోపలికి పోదు, పిన్ కొట్టిన దెబ్బ దాన్ని ముందుకి తొయ్యడానికే సరిపోతుంది, రెండోసారి కొడితే పేలుతుంది. అలా రెండో దెబ్బకే పేలుతున్నాయంటే మందుని తిట్టకుండా చాంబర్ కడగండి. ఇవేవీ కాకపోతే హ్యామర్ స్ప్రింగ్ నీరసపడినట్టు, మార్పించాలి.

టిక్కు కాదు, "టుప్" అని నీరసంగా చప్పుడొస్తే అక్కడితో ఆపెయ్యండి, బుల్లెట్ బారెల్ మధ్యలో ఉండిపోయి ఉండొచ్చు, దాని వెనక ఇంకోటి కాలిస్తే బారెల్ ఉబ్బిపోతుంది. అన్‌లోడ్ చేసి, మూతి వైపు నుంచి క్లీనింగ్ రాడ్ చాంబర్ దాకా అడ్డం లేకుండా వెళ్తుందో లేదో చూశాకే మిగతాది.

సమస్య: ట్యూబ్‌లో రౌండ్లు ఉన్నాయి, కానీ పైకి రావట్లేదు

లోపలి ట్యూబ్ బయటికి తీసి బల్ల మీద దొర్లించండి, ఎక్కడైనా ఎగిరిందంటే అక్కడ సొట్ట. పల్చటి ట్యూబ్ అది, లోడ్ చేసేటప్పుడు కింద పడేసినా, వంకరగా తోసినా సొట్ట పడుతుంది, రౌండ్లు అక్కడే తట్టుకుంటాయి. సరిపోయే సైజు రాడ్ లోపల పెట్టి మెల్లగా సరిచెయ్యొచ్చు, కానీ కొత్త ట్యూబ్ కొనుక్కోవడమే సుఖం. పార్ట్‌లు దొరకడం అనే విషయం ఇక్కడే ముఖ్యం. హెన్రీ హెచ్001 వాళ్ళ సర్వీస్‌కి మంచి పేరుంది, కొత్తగా దొరుకుతుంది, లివర్ మెత్తగా తిరుగుతుంది, బరువు 5.25 పౌన్లే, 15 రౌండ్లు పడతాయి, రిసీవర్ (బోల్ట్ ఉండే మధ్య భాగం) కవర్ మిశ్రమ లోహం మీద పెయింట్ అని కొందరు మూతి ముడుస్తారు గానీ ఉడతకి అదేం తెలుస్తుంది. స్క్రూలు లూజయ్యాయేమో మాత్రం అప్పుడప్పుడు చూసుకోండి. హెన్రీ వాళ్ళదే గోల్డెన్ బాయ్ చూడ్డానికి పెళ్ళికొడుకే, కానీ 6.75 పౌన్లు, అడవిలో పొద్దంతా మోసేవాళ్ళకి చెప్తున్నా.

లోడ్ చేసేటప్పుడు చెయ్యి బారెల్ మూతి దగ్గరే ఉంటుంది, కాబట్టి మూతికి ఎదురుగా చెయ్యీ మొహమూ రాకుండా పక్క నుంచే వెయ్యండి. అన్‌లోడ్ చేశాక కూడా ట్యూబ్‌లో చివరి రౌండ్ అతుక్కుని ఉండొచ్చు, లివర్ ఇంకో నాలుగుసార్లు తిప్పి, వేలితో చాంబర్ తడిమి చూడండి.

సమస్య: గురి కుదరట్లేదు

స్కోప్‌ని తిట్టే ముందు రింగులు చూడండి. చాలా .22ల రిసీవర్ మీద 3/8 అంగుళం గాడి ఉంటుంది, దానికి వీవర్ రకం (వెడల్పు రైలుకి చేసిన) రింగులు బిగిస్తే పట్టినట్టే ఉండి జారుతుంటాయి. గోల్డెన్ బాయ్‌కి ఆ గాడి కూడా లేదు, విడిగా మౌంట్ కావాలి. స్కోప్ కూడా రిమ్‌ఫైర్‌దే తీసుకోండి, దాని పారలాక్స్ 50 గజాలకి సెట్ చేసి ఉంటుంది, పెద్ద రైఫిళ్ళ స్కోప్ 100కి సెట్ చేసింది పెడితే దగ్గర్లో కన్ను కాస్త కదిలితే గురి కదులుతుంది.

అన్నీ బిగుతుగా ఉన్నా గుంపు కుదరకపోతే (దెబ్బలన్నీ ఒకే చోట పడకపోతే) తూటాలు మార్చి చూడండి. ఒక్కో బారెల్‌కి ఒక్కో బ్రాండ్ నచ్చుతుంది, ఎందుకని అడక్కండి, నాలుగైదు రకాలు చిన్న ప్యాకెట్లు తెచ్చి 50 గజాల్లో కాగితం మీద కాల్చి, అంగుళం లోపల పెట్టేది ఏదో దాన్నే ఎక్కువ కొనుక్కోవాలి. 50 గజాలకి జీరో చేసిన (గురి సరిచేసిన) 40 గ్రెయిన్ల (బుల్లెట్ బరువు) హై వెలాసిటీ రౌండ్ 100 గజాల దగ్గర దాదాపు 6 అంగుళాలు కిందికి పోతుంది, ఉడత తలకాయ అంత ఉండదు కదా, అందుకని 50 దాటి కాల్చకండి, గాయపడి పారిపోయే జంతువు ఎవరికీ వద్దు.

బే ఏరియా వాళ్ళకి ఇంకో చిక్కు. కాలిఫోర్నియాలో 2019 జులై 1 నుంచి వేటకి సీసం తూటాలు వాడకూడదు. రేంజ్‌లో సీసంతో జీరో చేసి, వేట రోజు సీసీఐ కాపర్-22 వేస్తే దెబ్బ వేరే చోట పడుతుంది, అది 21 గ్రెయిన్లే, సెకనుకి 1,850 అడుగుల వేగం, రెండిటికీ పోలికే లేదు. వేటకి ఏది వాడతారో దాంతోనే జీరో చెయ్యండి, మీ బారెల్‌లో అది వెదజల్లుతుంటే దూరం ఇంకా తగ్గించుకోండి.

సమస్య: కేస్ పక్కకి చీలి, మొహం మీదికి వేడి గాలి కొట్టింది

.22 మ్యాగ్నమ్ రైఫిల్లో .22 లాంగ్ రైఫిల్ వేశారన్నమాట. మ్యాగ్నమ్ కేస్ లావు ఎక్కువ, మామూలుది అందులో వదులుగా కూర్చుని చీలుతుంది. పేర్లు ఒకలా ఉన్నా కలవవు. బారెల్ మీద రాసున్నదే వెయ్యాలి, కళ్ళజోడు ఎప్పుడూ తియ్యకూడదు.

సమస్య: రైఫిల్ బంగారంలా పనిచేసింది, గేమ్ వార్డెన్ (వేట రూల్స్ చూసే ఆఫీసర్) ఫైన్ రాశాడు

టెక్సాస్‌లో డవ్ (పావురం జాతి పక్షి) సీజన్ సందడి చూసి .22 పట్టుకెళ్ళేవాళ్ళుంటారు. డవ్, బాతులు వలస పక్షుల కిందికి వస్తాయి, వాటిని రైఫిల్‌తో కొట్టడం ఫెడరల్ రూల్ ప్రకారమే కుదరదు, షాట్‌గన్ కావాలి. జింకకి కూడా టెక్సాస్‌లో రిమ్‌ఫైర్ పనికిరాదు. ఉడత సీజన్ కౌంటీని బట్టి మారుతుంది, పోయినేడాది స్క్రీన్‌షాట్ చూసి వెళ్ళకుండా రాష్ట్రం వాళ్ళ ఈ ఏటి రూల్స్ చూసుకుని, లైసెన్స్ జేబులో పెట్టుకుని బయల్దేరండి.