డార్ట్‌మూర్‌లో కంచుయుగపు రాళ్ళను వెతికి చూడటం ఎలా?

పెద్ద పెద్ద బండలు నిలబెట్టిన స్టోన్‌హెంజ్‌ను మనసులో పెట్టుకుని డార్ట్‌మూర్‌కు వెళ్తే నిరాశ ఖాయం. ఇక్కడ కంచుయుగంలో వరుసలుగా పాతిన రాళ్ళలో చాలావి మోకాలి ఎత్తు కూడా ఉండవు. వాటి పక్కనుంచే నడిచిపోయి, ‘ఇంకెంత దూరం?’ అనుకునేవాళ్ళు ఎందరో. ఇంగ్లండ్ నైరుతి మూలన, డెవన్‌లో ఉన్న ఈ ఎత్తైన గడ్డి బీడును మొదటిసారి చూసేవాళ్ళు మెరివేల్ అనే చోటుతో మొదలుపెట్టడం మేలు.

1. మ్యాప్ చదవండి. బ్రిటన్ మ్యాపుల సంస్థ ఆర్డ్నెన్స్ సర్వే వేసిన ఎక్స్‌ప్లోరర్ ఓఎల్ 28 కొనండి (1:25,000). అందులో పురాతన కట్టడాల పేర్లు పాతకాలపు గోథిక్ అక్షరాల్లో ఉంటాయి. కెయిర్న్ అంటే రాళ్ళు పోసిన సమాధి దిబ్బ, సిస్ట్ అంటే రాతి పెట్టె సమాధి, హట్ సర్కిల్ అంటే గుడిసె పునాది. ఫోన్ మ్యాప్ ఉన్నా కాగితం మ్యాప్, దిక్సూచి వెంట ఉండాలి. సిగ్నల్ చాలాచోట్ల అందదు.

2. రోజు, వేళ ఎంచుకోండి. వేసవిలో బ్రాకెన్ అనే ఫెర్న్ మొక్క నడుము దాకా పెరిగి చిన్న రాళ్ళను మింగేస్తుంది. అది ఎండి పడిపోయాక, వసంతం మొదటి వారాల దాకా చూపు బాగా ఆనుతుంది. ఉదయం, సాయంత్రం ఏటవాలు ఎండలో దిబ్బల అంచులు నీడలతో తేలతాయి. మిట్టమధ్యాహ్నం అదే దిబ్బ చదునుగా కనిపిస్తుంది.

సైన్యం కాల్పుల వేళలు కూడా ముందే చూసుకోండి. ఓక్‌హాంప్టన్, మెరివేల్, విల్స్‌వర్తీ రేంజ్‌లలో ఎర్ర జెండా ఎగురుతుంటే లోపలికి వెళ్ళకూడదు. మెరివేల్ రాళ్ళు మాత్రం రోడ్డుకు దక్షిణాన, రేంజ్ బయట ఉన్నాయి.

3. మెరివేల్‌లో ఈ క్రమంలో చూడండి. ప్రిన్స్‌టౌన్, టావిస్టాక్‌ల నడుమ బి3357 రోడ్డు పక్కన కారు ఆపి, పడమరగా నడవండి. తూర్పు పడమరలుగా సాగే రెండు జంట వరుసలు, వాటి మధ్య ఒక చిన్న కాలువ కనిపిస్తాయి. దక్షిణపు వరుస పొడవు సుమారు 263 మీటర్లు. దాని మధ్యలో చిన్న సమాధి వలయాన్ని చూడకుండా దాటకండి. దగ్గరలోనే ఉన్న సిస్ట్ మూత బండ నడుమ ఒక ముక్క లేదు. 19వ శతాబ్దంలో గేటు స్తంభం కోసం కొట్టుకుపోయారు! ఇంకా దక్షిణానికి వెళ్తే 11 పొట్టి రాళ్ళ వలయం, 3 మీటర్ల పైచిలుకు నిలువురాయి ఉంటాయి.

4. అసలుకు, మామూలు రాళ్ళకు తేడా పట్టండి. పొరపాట్లన్నీ ఇక్కడే. గుట్ట మీది టార్ (సహజంగా పైకి తేలిన రాతి బండల గుంపు) నుంచి కిందికి చెదిరిన రాళ్ళు ప్రకృతి పని. వాగు వెంట బారులు తీరిన దిబ్బలు తగరం తవ్వినవాళ్ళ వ్యర్థాలు. నడుమ గుంటపడిన గుండ్రటి దిబ్బయితే సమాధే కావచ్చు. ఆ గుంట చాలావరకు నిధి కోసమో, పరిశోధన కోసమో తవ్వినవాళ్ళు మిగిల్చింది. గుండ్రటి గోడకు ఒకచోట ద్వారమంత ఖాళీ ఉంటే అది ఇల్లు. మెరివేల్ గుడిసెల నడుమ పడి ఉన్న పెద్ద గుండ్రాయిని చూసి మోసపోకండి. అది యాపిల్ పళ్ళు నలిపే తిరగలి రాయి, ఎన్నో శతాబ్దాల తర్వాతిది. తెలంగాణలో రాకాసి గుళ్ళు అనే పాత రాతి సమాధులు చూసినవాళ్ళకు ఈ వలయాలు తెలిసినట్టే ఉంటాయి. కానీ అవి ఇనుపయుగానివి, ఇవి అంతకంటే పాతవి.

5. అడుగు చూసి వేయండి. గంటకు 5 కి.మీ. లెక్క రోడ్డు మీదే చెల్లుతుంది. గడ్డి దుబ్బుల్లో 3 కి.మీ. అనుకోండి. మెరిసే లేతాకుపచ్చ నాచు కనిపిస్తే చుట్టూ తిరిగి వెళ్ళండి, దాని కింద నీళ్ళే. మంచు కమ్మితే మెరివేల్ రాళ్ళ దగ్గర నుంచి దిక్సూచి పట్టుకుని నేరుగా ఉత్తరానికి నడిస్తే రోడ్డు తగులుతుంది. రోడ్డుకు దూరంగా, బీడు లోపలి భాగాల్లో అలాంటి వెసులుబాటు లేదు. అక్కడికి ఒంటరిగా వద్దు. ప్రమాదమైతే 999కు ఫోన్ చేసి పోలీసులను, వాళ్ళ ద్వారా కొండల్లో చిక్కుకున్నవాళ్ళను కాపాడే మౌంటెన్ రెస్క్యూను అడగండి.

6. రాళ్ళను ముట్టకండి. ఎక్కడం, కదపడం, కొత్తగా గులకరాళ్ళు పేర్చడం వద్దు. రక్షిత కట్టడాల దగ్గర అనుమతి లేకుండా మెటల్ డిటెక్టర్ వాడటం నేరం. మార్చి 1 నుంచి జూలై 31 దాకా నేలమీద పక్షులు గుడ్లు పెడతాయి, కుక్కను తాడుతో పట్టుకోండి.

ఇంటికొచ్చాక మోకాళ్ళ వెనక, గజ్జల్లో పిడుదులు పట్టాయేమో చూసుకోండి. ఉంటే సన్న పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి, మెలితిప్పకుండా పైకి లాగండి. తర్వాతి వారాల్లో వలయంలా దద్దురు వ్యాపిస్తే లైమ్ వ్యాధి కావచ్చు. డాక్టరుకు డార్ట్‌మూర్ వెళ్ళొచ్చిన సంగతి కూడా చెప్పండి.